ఏ పద్మావతి? సరిహద్దు ఊళ్లలో కలగలిసిపోయిన కథలు

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక తెలుగు ఇంటికి వెళ్లి "పద్మావతి కథ చెప్పండి" అని అడిగి చూడండి. నాయనమ్మ నారాయణవనం దగ్గర మొదలుపెడుతుంది. ఆకాశరాజు, నాగటి చాలు, తామరపువ్వులో పసిపాప, వేటకొచ్చిన శ్రీనివాసుడు, కుబేరుడి అప్పు. పక్కన హోంవర్క్ చేసుకుంటున్న మనవడు తలెత్తి, "అది కాదు నాయనమ్మా, పద్మావతి కంచి రాజు కూతురు, పూరీ రాజు యుద్ధం చేసి తెచ్చుకున్నాడు, మా ఒడియా మాస్టారు చెప్పారు" అంటాడు. వంటింట్లోంచి కోడలు "సినిమాలో మంటల్లో దూకింది ఆవిడే కదా?" అని అడుగుతుంది.

ముగ్గురి కథలూ ఎవరి కథగా వారివి సరైనవే. చిక్కంతా ఆ కథల్లోని ముగ్గురు ఆడవాళ్లకూ ఒకే పేరు ఉండటం వల్ల వచ్చింది. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ తర్వాత ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలకు బడి ఒడియాలో, ఇల్లు తెలుగులో నడిచింది. బడి నుంచి ఒక పద్మావతి, ఇంటి నుంచి ఇంకో పద్మావతి వచ్చి ఒకే బుర్రలో కాపురం పెట్టారు. కంచి నుంచి పూరీకి వచ్చిన రాణే తర్వాత తిరుచానూరు అమ్మవారైందని ఎంతో నమ్మకంగా చెప్పేవాళ్లు మా వైపు ఇప్పటికీ దొరుకుతారు. పెళ్లి భోజనాల దగ్గర ఈ విషయం మీద గొంతులు లేవడం కూడా చూశాను.

ఒక్కొక్క పద్మావతిని పక్కకు తీసి, ఈమె గురించి మనకు ఎవరు చెప్పారు అని అడిగితే వాదన సగం చల్లారుతుంది. రాతి శాసనం చెప్పిందా, కావ్యం చెప్పిందా, గుడి సంప్రదాయం చెప్పిందా, పురాణం చెప్పిందా? అన్నిటికంటే పెద్ద చిక్కుముడి కంచి పద్మావతిది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

కంచి రాజకుమారి

ఒడిశాలో ఈ కథ తెలియని ఇల్లు ఉండదు. ఒడిశాను ఏలిన గజపతి వంశపు రాజు పురుషోత్తమదేవుడికి కంచి రాజు తన కూతురు పద్మావతిని ఇద్దామనుకుంటాడు. రథయాత్ర రోజున గజపతి స్వయంగా చీపురు పట్టి జగన్నాథుడి రథం ఊడుస్తాడని తెలిసి వెనక్కి తగ్గుతాడు. ఊడ్చేవాడికి పిల్లనిస్తానా అంటాడు. ఆ ఊడ్పు సేవ పేరు ఛెరా పహరా. పూరీలో గజపతి బిరుదున్న రాజు ఇప్పటికీ ఏటా చేస్తారు. అవమానం భరించలేక పురుషోత్తముడు దండెత్తి ఓడిపోతాడు. జగన్నాథుడి కాళ్ల మీద పడితే దేవుడు ఈసారి నేను వస్తానంటాడు.

రెండోసారి సైన్యం కంటే ముందు నల్లగుర్రం మీద ఒకరు, తెల్లగుర్రం మీద ఒకరు వెళుతుంటారు. చిలికా ఒడ్డున మాణిక అనే గొల్ల ఆడమనిషి దగ్గర పెరుగు తాగి, డబ్బులు లేక ఉంగరం ఇస్తారు. వెనకాల వచ్చేవాడు డబ్బిస్తాడని చెప్పి వెళ్లిపోతారు. ఆ ఉంగరం చూశాకే, ముందు వెళ్లింది జగన్నాథ బలభద్రులని రాజుకు అర్థమవుతుంది. మాణికపాటణ అనే ఊరు చిలికా దగ్గర ఇప్పటికీ ఉంది. కంచి ఓడిపోతుంది. పట్టుబడిన రాజకుమారిని ఊడ్చేవాడికే ఇచ్చి పెళ్లి చెయ్యమని రాజు కోపంలో మంత్రికి ఆజ్ఞ ఇస్తాడు. మంత్రి తెలివైనవాడు. ఆమెను భద్రంగా దాచి, మరుసటి రథయాత్రలో రాజు చీపురు పట్టిన క్షణాన తీసుకొచ్చి, "మీరు చెప్పిన ఊడ్చేవాడు దొరికాడు, స్వీకరించండి" అంటాడు.

కథగా దీనికి తిరుగులేదు. ఇందులో చరిత్ర ఎంత? పురుషోత్తమదేవుడు నిజమైన రాజు, 1467 నుంచి 1497 వరకు పాలించాడు. ఆ కాలంలో దక్షిణాన అతనికి ఎదురు నిలిచినవాడు సాళువ నరసింహుడు. చంద్రగిరి కేంద్రంగా ఎదిగి, 1485 ప్రాంతంలో విజయనగర సింహాసనమే ఎక్కిన సేనాని. కథలో "కంచి రాజు" అంటే ఇతనే అని చాలామంది చరిత్రకారులు చెబుతారు. నెల్లూరు వైపు ఉదయగిరి కోట గజపతుల చేతికి వచ్చింది కూడా ఈ పోరులోనే. కాబట్టి యుద్ధం జరిగింది, గెలుపు ఉంది. పూరీ గుడి ప్రాంగణంలోని కంచి గణపతి, పూరీ దగ్గరి సాక్షిగోపాలుడు ఆ దండయాత్రలో వచ్చిన విగ్రహాలేనని సంప్రదాయం.

మరి రాజకుమారి? పద్మావతి అన్న పేరు మనకు వచ్చింది మాదళా పంజి అనే పూరీ ఆలయ వృత్తాంతాల చుట్టూ అల్లుకున్న సంప్రదాయం నుంచి, ఆ తర్వాతి ఒడియా కావ్యం నుంచి, నాటకం నుంచి. పురుషోత్తమ దాసు ఒడియాలో కంచి కావేరి కావ్యం రాశాడు. 1880లో రామశంకర రాయ్ దాన్నే నాటకంగా మలిచాడు, ఆధునిక ఒడియా నాటకానికి అది తొలి మెట్లలో ఒకటి. చరిత్ర పుస్తకాలు తిరగేస్తే మాత్రం పురుషోత్తముడి రాణిగా, ప్రతాపరుద్రుడి తల్లిగా రూపాంబిక అన్న పేరు కనిపిస్తుంది. కొందరు రూపాంబికే పద్మావతి అని రెండు పేర్లనూ ఒకే మనిషికి కట్టేస్తారు. అలా కట్టడం తేలికే గానీ, పద్మావతి అన్న పేరు ఎందుకు నిలిచిందో చూడటం ఇంకా ఆసక్తిగా ఉంటుంది.

నా ఉద్దేశం ఇది. ఒడిశాలో గజపతిని చలంతి విష్ణు అంటారు, నడిచే విష్ణువు అని. జగన్నాథుడి తరఫున భూమి మీద పాలించేవాడు అతను. అలాంటి రాజుకు దేవుడే దగ్గరుండి తెచ్చిపెట్టిన భార్యకు కథకుడు ఏ పేరు పెడతాడు? లక్ష్మి పేరే పెడతాడు. తామరలో ఉండే లక్ష్మికి పద్మావతి అన్నది పాత పేరు. అంటే ఇక్కడ పద్మావతి ఒక పాత్ర. ఆ పాత్రలో కూర్చోబెట్టిన అసలు స్త్రీ పేరు రూపాంబిక కావచ్చు, ఇంకోటి కావచ్చు.

ఇప్పుడు దీన్ని తెలుగు వైపు నుంచి చూడండి. పురుషోత్తముడి కొడుకు ప్రతాపరుద్రుడి మీదకి శ్రీకృష్ణదేవరాయలు దండెత్తాడు. 1514లో ఉదయగిరి తీసుకున్నాడు, 1515లో కొండవీడు తీసుకున్నాడు. సింహాచలంలో శాసనాలు వేయించాడు, పొట్నూరులో విజయస్తంభం నాటాడు. సంధి కుదిరినప్పుడు గజపతి తన కూతుర్ని రాయలకిచ్చాడని మనం చదువుకున్నాం. ఉదయగిరి నుంచి రాయలు బాలకృష్ణ విగ్రహం తీసుకెళ్లి హంపిలో గుడి కట్టించాడు.

రెండు కథలూ పక్కపక్కన పెట్టండి. వాళ్లు గెలిచినప్పుడు దక్షిణం నుంచి ఒక విగ్రహం, ఒక రాజకుమారి. మనం గెలిచినప్పుడు ఉత్తరం నుంచి ఒక విగ్రహం, ఒక రాజకుమారి. నాయనమ్మకు ఒకటి గొప్ప, మనవడి మాస్టారికి ఇంకొకటి గొప్ప. రెండిట్లోనూ ఆ అమ్మాయిలను అడిగినవాళ్లు లేరు.

గజపతి కూతురి విషయంలో చిక్కు తిరగబడింది. అక్కడ ఒక పేరుకు చాలామంది ఆడవాళ్లు, ఇక్కడ ఒక ఆడమనిషికి చాలా పేర్లు. ఒకచోట ఆమె తుక్కాదేవి, ఇంకోచోట జగన్మోహిని, మరోచోట అన్నపూర్ణ. కంభం చెరువు కట్టించింది ఆమేనని చెప్పే కథలో వరదరాజమ్మ. రాయలు పట్టించుకోక ఆమె కంభంలో ఒంటరిగా బతికిందని ఒక కథ ప్రచారంలో ఉంది. తిరుమలలో రాయల లోహ విగ్రహానికి ఇరుపక్కలా నిలబడి ఉన్నది తిరుమలదేవి, చిన్నాదేవి. గజపతి కూతురు ఆ వరసలో లేదు.

తిరుచానూరు అమ్మవారు, కంచి రాణి ఒకరేనా?

కారు. కాకపోయినా ఇద్దరినీ కలిపేయడానికి ఒక గట్టి కారణం ఉంది. సాళువ నరసింహుడి చంద్రగిరి కోట తిరుపతికి కూతవేటు దూరం. తిరుమల గుడికి అతను చేసిన సేవలు, దానాలు అక్కడి శాసనాల్లో కనిపిస్తాయి. అలమేలుమంగ మీద వందల కీర్తనలు రాసిన అన్నమాచార్యుడు, 1408 నుంచి 1503 వరకు జీవించినవాడు, ఇతని కాలం వాడే. అంటే ఒడియా కథలోని పద్మావతికి తండ్రి అనుకునే రాజు, తెలుగువాళ్ల పద్మావతికి భక్తుడు. ఒకే చోటు, ఒకే కాలం, ఒకే పేరు. కలిసిపోకుండా ఉంటేనే ఆశ్చర్యం.

కానీ తిరుచానూరు అమ్మవారి కథ వచ్చేది వేంకటాచల మాహాత్మ్యం నుంచి. అందులో పద్మావతి ఆకాశరాజు కూతురు, నారాయణవనం రాజకుమారి. ఇది పురాణ కాలం, దీనికి సంవత్సరాలు వెయ్యలేం. ఆమె పూర్వజన్మలో వేదవతి అని, సీతకు బదులుగా లంకలో ఉన్నది ఆవిడేనని, ఆ రుణం తీర్చుకోవడానికే స్వామి కలియుగంలో పెళ్లి చేసుకున్నాడని మాహాత్మ్యం చెబుతుంది.

ఆ ఒక్క గుడిలోనే ఇంకో ముడి ఉంది. భృగువు తన్నినప్పుడు అలిగి వెళ్లిన లక్ష్మి కొల్లాపురంలో ఉండిపోయింది. ఆమె కోసం స్వామి తపస్సు చేస్తే కార్తీక శుద్ధ పంచమి నాడు తిరుచానూరు పద్మసరోవరంలో బంగారు తామరలో ప్రత్యక్షమైంది. ఆ రోజే పంచమీతీర్థం జరుపుతారు. అలా చూస్తే తిరుచానూరులో ఉన్నది లక్ష్మి. నారాయణవనంలో పెళ్లాడింది ఆకాశరాజు కూతుర్ని. జనం నోట ఇద్దరూ పద్మావతే, ఇద్దరూ అలమేలుమంగే. భక్తులకు దీనితో ఇబ్బంది లేదు, లక్ష్మి అంశ ఎక్కడున్నా లక్ష్మే. కథను కథగా అర్థం చేసుకోవాలనుకునేవాళ్లు మాత్రం తామర దొరికిన చోట్లు రెండు అని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి ఆకాశరాజు దున్నిన నేల, ఇంకొకటి కోనేరు.

మా గంజాంలో మార్గశిర లక్ష్మివారాలు వస్తే ఈ కలబోత ఇంకా బాగా కనిపిస్తుంది. ఒడియా ఇళ్ల ముందు బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేస్తారు, బలరామదాసు లక్ష్మీపురాణం చదువుతారు. అందులో లక్ష్మి చండాల స్త్రీ ఇంట్లో పూజ అందుకున్నందుకు బలభద్రుడు ఆమెను గుడిలోంచి పంపించేస్తాడు. తర్వాత అన్నదమ్ములిద్దరూ అన్నం పుట్టక నానా పాట్లు పడతారు. పక్కింట్లో తెలుగువాళ్లు అదే లక్ష్మివారం వ్రతం చేసుకుంటూ అలమేలుమంగ పాట పాడతారు. అలిగి గుడి వదిలిన లక్ష్మి రెండు చోట్లా ఉంది. తిరుపతి కథలో భర్త మీద కోపంతో తానే వెళ్లిపోయింది, పూరీ కథలో బావగారి పంతం వల్ల వెళ్లగొట్టారు. తిరిగి వచ్చే ముందు ఆమె పెట్టిన షరతు చూస్తే, కులం అడ్డు లేకుండా అందరూ కలిసి మహాప్రసాదం తినాలి అన్నది, నాకు పూరీ లక్ష్మే గడుసుదనిపిస్తుంది.

కవి భార్యా, దేవతా?

ఇంకో పద్మావతి జయదేవుడి పక్కన ఉంది. గీతగోవిందం రెండో శ్లోకంలోనే ఆ పేరు వస్తుంది:

"వాగ్దేవతా చరిత చిత్రిత చిత్తసద్మా
పద్మావతీ చరణ చారణ చక్రవర్తీ"

అంటే పద్మావతి పాదాలను ఆశ్రయించి పాడేవాళ్లలో మేటి అని కవి తనను తాను చెప్పుకుంటున్నాడు. ఈ పద్మావతి అతని భార్య అని కొందరు వ్యాఖ్యాతలు, లక్ష్మి అని కొందరు. మొదటి పాదంలో వాగ్దేవి ఉంది కాబట్టి రెండో పాదంలో లక్ష్మి ఉండటం సబబు అన్నది ఒక వాదం. కావ్యం లోపల ఇంకోచోట "పద్మావతీ రమణ జయదేవకవి" అన్నాడు కాబట్టి భార్యే అన్నది ఇంకో వాదం. నాకు రెండోదే బలంగా తోస్తుంది. లక్ష్మికి రమణుడినని ఏ భక్తుడూ తన గురించి చెప్పుకోడు. శ్లేష అయితే రెండూ ఉద్దేశించి ఉంటాడు, అంతటి కవికి అదేం కష్టం?

భక్తుల కథలో పద్మావతి తండ్రి ఆమెను జగన్నాథుడికి నాట్యసేవకు అర్పించడానికి తెస్తాడు. జయదేవుడికి ఇచ్చి పెళ్లి చెయ్యమని దేవుడు కలలో చెబుతాడు. భర్త పాడితే ఆమె ఆడేది. "దేహి పద పల్లవముదారం" అని కృష్ణుడు రాధ పాదాన్ని తల మీద పెట్టుకునే మాట రాయడానికి జయదేవుడు జంకి స్నానానికి వెళితే, కృష్ణుడే కవి రూపంలో వచ్చి ఆ మాట రాసి, పద్మావతి వడ్డించిన అన్నం తిని వెళ్లాడని అంటారు. అసలు మొగుడు స్నానం చేసి ఇంటికొచ్చేసరికి ఆమె ఆ విస్తట్లో మిగిలింది తింటూ ఉంటుంది. ఇది నమ్మకం. రాతి మీద ఉన్నది వేరు. ప్రతాపరుద్రుడు 1499లో పూరీ గుడిలో వేయించిన ఒడియా శాసనం, స్వామి సేవలో గీతగోవిందమే పాడాలి, ఇంకోటి పాడకూడదు అని ఆజ్ఞాపిస్తుంది. కంచి రాణి కొడుకు అనుకుంటున్న రాజు, కవి భార్య పేరున్న కావ్యాన్ని గుడిలో చట్టం చేశాడన్న మాట. ఒకే పాలనలో రెండు పద్మావతి కథలు పూరీలో చేరాయి.

జయదేవుడి ఊరు ఒడిశాలోని కెందులి అని ఇక్కడివాళ్లు, బీర్భూమ్ జిల్లాలోని కెందులి అని బెంగాలీలు పోట్లాడుకుంటారు. పద్మావతి పుట్టిల్లు ఎక్కడని అడిగేవాళ్లు తక్కువ.

దంతం చెక్కేవాడి కూతురు

బేతాళ కథలు విన్నవాళ్లకు మొదటి కథ గుర్తుండే ఉంటుంది. అందులోనూ ఒక పద్మావతి ఉంది, పైగా ఆమె మన పక్కదే. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో, కాశీ రాజకుమారుడు వజ్రముకుటుడు ఒక కొలను దగ్గర ఒక అమ్మాయిని చూస్తాడు. ఆమె ఒక్క మాట మాట్లాడదు. తామరను చెవిలో పెట్టుకుంటుంది, దాన్ని దంతపత్రం అనే చెవి నగలా తిప్పుతుంది, ఇంకో తామరను తల మీద పెట్టుకుంటుంది, చెయ్యి గుండె మీద వేసుకుని వెళ్లిపోతుంది. రాకుమారుడు వెర్రిమొహం వేస్తే, మంత్రి కొడుకు బుద్ధిశరీరుడు విప్పి చెబుతాడు. చెవిలో తామర అంటే కర్ణోత్పలుడి రాజ్యం, అది కళింగం. దంతపత్రం అంటే దంతం చెక్కేవాడి కూతురు. తల మీద పద్మం అంటే పేరు పద్మావతి. గుండె మీద చెయ్యి అంటే మనసు నీది.

ఈ వ్యాసంలోని పద్మావతులందరిలో తన పేరు తాను చెప్పుకున్నది ఈమె ఒక్కతే, అదీ నోరు విప్పకుండా. ఆ తర్వాత కథ చేదుగా మారుతుంది. కుర్రాళ్లిద్దరూ ఆమె మీద మంత్రగత్తె అన్న నింద పడేలా పన్నాగం పన్నుతారు. రాజు విచారించకుండా ఊరి నుంచి వెళ్లగొడతాడు, వాళ్లు ఎత్తుకుపోతారు, కన్నవాళ్లు బెంగతో చనిపోతారు. ఈ పాపం ఎవరిది అని బేతాళుడు అడిగితే విక్రమార్కుడి జవాబు: కర్ణోత్పలుడిది. రాజై ఉండి నిజానిజాలు కనుక్కోలేదు కాబట్టి. మంత్రగత్తె అన్న నింద మోపి ఆడవాళ్లను ఊరి నుంచి తరిమే దుర్మార్గం కోరాపుట్, రాయగడ కొండల్లో ఇంకా వార్తల్లోకి వస్తూనే ఉంటుంది. ఒడిశా ప్రభుత్వం 2013లో దీని మీద ప్రత్యేక చట్టమే తెచ్చింది. కర్ణోత్పలుడి మీద వేసిన తీర్పు నాకు పాతదిగా అనిపించదు.

సంస్కృతంలోనే ఇంకో పద్మావతి, భాసుడి స్వప్నవాసవదత్తంలో ఉంది. మగధ రాజు దర్శకుడి చెల్లెలు. వత్స రాజు ఉదయనుడికి రాజకీయ అవసరం కొద్దీ రెండో భార్య అవుతుంది. చనిపోయిందనుకున్న మొదటి భార్య వాసవదత్త మారుపేరుతో తన దగ్గరే ఉందని తెలియకుండా ఆమెను ఆదరిస్తుంది. ఇక అశోకుడికి కుణాలుడనే కొడుకును కన్న పద్మావతి బౌద్ధ కథల్లో కనిపిస్తుంది. బరంపురానికి దగ్గర్లోని జౌగడలో అశోకుడి శాసనాలు రాతి మీద ఉన్నాయి కాబట్టి మా వైపు ఈ పేరు కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. అశోకుడి శాసనాల్లో పేరు పెట్టి చెప్పిన రాణి మాత్రం ఒక్కతే, తీవరుడి తల్లి కారువాకి. ఆ శాసనం అలహాబాదు స్తంభం మీద ఉంది.

జైనుల పద్మావతి గురించి ఒక్క మాట చెప్పకపోతే కోరాపుట్ వాళ్లు ఊరుకోరు. ఆమె ఇరవై మూడో తీర్థంకరుడు పార్శ్వనాథుడి యక్షిణి, ధరణేంద్రుడి జత. తల మీద పాము పడగ ఆమె గుర్తు. కర్ణాటకలోని హొంబుజ ఆమెకు పెద్ద క్షేత్రం. భువనేశ్వర్ ఖండగిరి బారభుజి గుహలో 24 మంది తీర్థంకరులూ, వాళ్లను కాపాడే శాసనదేవతలూ వరసగా చెక్కి ఉన్నారు. కోరాపుట్ జిల్లా సుబాయిలోనూ జైన ఆనవాళ్లు మిగిలాయి. ఈ జిల్లాల్లో పాత జైన విగ్రహాలకు పసుపు కుంకుమలు పెట్టి ఊరి దేవతలుగా కొలవడం మామూలే. బెంగాల్ వైపు నాగదేవత మనసాదేవికి కూడా పద్మావతి అన్న పేరుంది. కాబట్టి పడగ కింద పద్మావతి కనిపిస్తే వెంటనే తిరుపతికి ముడిపెట్టకండి.

చిత్తోడు పద్మావతి ఇటే వచ్చింది

కోడలు అడిగిన పద్మావతి దగ్గరికి వద్దాం. ఆమె దేశమంతా గొడవ లేపిన పద్మావతి. అల్లావుద్దీన్ ఖిల్జీ చిత్తోడును ముట్టడించి తీసుకున్నది 1303లో. ఆ దండయాత్రలో వెంట ఉన్న కవి అమీర్ ఖుస్రో దాని గురించి రాశాడు, పద్మావతి పేరు చెప్పలేదు. ఆ పేరు, చిలక, అద్దం, యుద్ధం అన్నీ మనకు అందింది 1540లో మాలిక్ మహమ్మద్ జాయసీ అవధి భాషలో రాసిన పద్మావత్ కావ్యం ద్వారా. మధ్యలో 237 ఏళ్లు. చిత్తోడు రాజు రత్నసింహుడు శాసనంలో ఉన్నాడు. రాణి కావ్యంలో ఉంది.

అందరికీ తెలిసిన ఈ గొడవలో మరుగున పడిపోయింది, మనకు బాగా దగ్గరైన సంగతి. జాయసీ పద్మావతి సింహళ ద్వీపం రాజకుమారి. హీరామణి అనే చిలక మాటలు విని రత్నసేనుడు జోగి వేషంలో ఆమె కోసం బయల్దేరతాడు. చిత్తోడు నుంచి సింహళానికి ఏ దారిన వెళ్లాడు? కావ్యంలో దారి చెప్పేటప్పుడు, కుడి చేతి వైపు తిలంగాలు ఉంటారు, ఎడమన గఢ్ కటంగా, ఝార్ఖండ్ కొండల్ని పక్కన పెట్టి ముందుకెళితే ఒడిశా, అక్కడ సముద్రం రేవు అంటాడు జాయసీ. అంటే తెలుగువాళ్లను కుడిపక్క పెట్టుకుని ఒడిశాలోకి దిగే దారి. రేవులో అతనికి ఓడలిచ్చే రాజు పేరు గజపతి. జాయసీ రాస్తున్న కాలానికి గజపతుల కథ ముగుస్తోంది, ప్రతాపరుద్రుడు కన్నుమూసింది 1540లోనే. అయినా ఎక్కడో అవధ్‌లో కూర్చున్న సూఫీ కవికి, తూర్పు సముద్రం అనగానే గజపతి గుర్తొచ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఓడలు బద్దలై మొగుడూ పెళ్లాలు చెరో దిక్కుకు కొట్టుకుపోతారు. పద్మావతిని కాపాడేది సముద్రుడి కూతురు లక్ష్మి. ఆ లక్ష్మికి ఒక సరదా పుట్టి, రత్నసేనుడిని పరీక్షించడానికి అచ్చం పద్మావతి రూపంలో దారిలో కూర్చుంటుంది. అతను ఆశగా దగ్గరికొస్తాడు, తన పద్మావతి ఒంటి పరిమళం లేదని గ్రహించి మొహం తిప్పుకుంటాడు. లక్ష్మి పద్మావతి అయ్యే కథలు మనకు చాలా ఉన్నాయి గానీ, పద్మావతి వేషం వేసి లక్ష్మి దొరికిపోయిన కథ నాకు తెలిసి ఇదొక్కటే. ఆ తర్వాత ఇద్దరూ చేరేది జగన్నాథానికి. అక్కడ వండిన అన్నం అమ్ముతున్నారని జాయసీ ఆశ్చర్యంగా రాస్తాడు. పూరీ ఆనందబజారులో ఇవాళ కూడా మహాప్రసాదం అమ్ముతారు.

ఇంకో తేడా కూడా చెప్పాలి. జాయసీ కథలో రత్నసేనుడు చనిపోయేది అల్లావుద్దీన్ చేతిలో కాదు, కుంభల్నేర్ రాజు దేవపాలుడితో జరిగిన పోరులో. పద్మావతి, సవతి నాగమతి ఇద్దరూ సహగమనం చేశాక సుల్తాను వస్తాడు, బూడిద మిగులుతుంది. జనం నోట్లో ఉన్న కథకూ అచ్చులో ఉన్న కావ్యానికీ ఇంత దూరం ఉంది. 2018 జనవరిలో విడుదలైన హిందీ సినిమాకు పద్మావతి అన్న పేరు తీసి, కావ్యం పేరైన పద్మావత్ పెట్టించారు. ఊరేగింపులు, బెదిరింపుల మధ్య జరిగిన ఆ పేరు మార్పులో ఒక్కటి మాత్రం సరైన మాట: ఈమె చిరునామా కావ్యం.

కవులు ఈ పేరునే ఎందుకు పట్టుకున్నారంటే, పాత కామశాస్త్ర గ్రంథాలు ఆడవాళ్లను పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులుగా విడగొట్టి పద్మినిని అన్నిటికంటే పైన పెట్టాయి. జాయసీ కావ్యంలో రాఘవచేతనుడు సుల్తానుకు ఈ జాబితా చెప్పే రెచ్చగొడతాడు. పృథ్వీరాజ్ రాసోలో కూడా ఒక పద్మావతి ఉంది, ఆమె పెళ్లికీ చిలకే రాయబారి. అందగత్తె అయిన దూరదేశపు రాజకుమారి అనగానే పద్మావతి అని పేరు పెట్టేయడం వాళ్లకు అలవాటు. కంచి రాజకుమారికి ఆ పేరు రావడంలో దీని పాత్ర కూడా ఉండొచ్చని నా అనుమానం.

మన కాలపు పద్మావతులకు ఈ బాధ లేదు, వాళ్లకు పుట్టిన తేదీలున్నాయి. గోపాలపూర్ రేవు నుంచి మా జిల్లా జనం కూలికి ఓడెక్కిన బర్మాలోనే 1917లో ఎస్. పద్మావతి పుట్టారు. రంగూన్‌లో డాక్టరీ చదివి, యుద్ధ కాలంలో భారతదేశం వచ్చి, దేశంలో తొలి మహిళా కార్డియాలజిస్టుగా పేరు తెచ్చుకున్నారు. 1962లో ఆలిండియా హార్ట్ ఫౌండేషన్ స్థాపించారు. 1992లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 103 ఏళ్ల వయసులో, 2020 ఆగస్టులో కొవిడ్‌తో కన్నుమూశారు.

రెండో ఆమె కూడా డాక్టరే, వాయుసేనలో. 1971 యుద్ధంలో పనిచేసి, ఎయిర్ మార్షల్ హోదా అందుకున్న తొలి మహిళ అయ్యారు. 1944లో సాక్షాత్తూ తిరుపతిలోనే పుట్టి, పద్మావతి స్వామినాథన్ అన్న పేరుతో పెరిగారు. పెళ్లయ్యాక పద్మా బందోపాధ్యాయ్ అయ్యారు. 2020లో పద్మశ్రీ వచ్చింది కూడా ఆ పేరుకే. పద్మావతి అని వెతికితే వాయుసేన రికార్డుల్లో ఆవిడ దొరకరు.